తలుపు బయట నీడ

"కట్. దెయ్యం తలుపుకు వీపు ఆనించి కూర్చుంటుందా తాతా?"

సెట్లో అందరూ నవ్వారు. దెయ్యం వేషంలో ఉన్న ముసలాయన గుమ్మం మీద నుంచి లేవలేదు.

"మరెలా కూర్చోమంటారు బాబూ?"

"కూర్చోవడమే వద్దు. తలుపు బద్దలుకొట్టి లోపలికెళ్లాలి. ఆ తాగుబోతు పీక నొక్కాలి."

"ఆయన జోలికి నేను పోను."

"డైలాగు లేని వేషానికి ఎన్ని మాటలో" అన్నాడు కెమెరామన్.

దర్శకుడు నవ్వలేదు.

చిన్నప్పుడు పొద్దు వాలితే చాలు, వాళ్లింటి తలుపు బయటినుంచి బిగుసుకుపోయేది. నాన్న లోపలినుంచి బాదేవాడు, తిట్టేవాడు, ఏడ్చేవాడు. తలుపు కింది సందులో ఒక నీడ కదలకుండా ఉండేది.

"దెయ్యంరా. నన్ను పోనివ్వట్లేదు" అనేవాడు నాన్న.

ఆ తాగుడే చివరికి ఆయన్ని పొట్టన పెట్టుకుంది.

కొడుకు చుక్క ముట్టలేదు. అయినా సాయంత్రమైతే తన చేతులు వణుకుతున్నాయేమోనని చూసుకుంటాడు. తెర మీద ఆ దెయ్యం చేతిలో ఆ తాగుబోతు చచ్చిపోతే తన భయమూ పోతుందనుకున్నాడు.

"ఈ కథ ఎవరు రాశారు బాబూ?" అడిగాడు ముసలాయన.

"రాయడమేంటి, పడ్డాను. మా నాన్న కథ ఇది."

ముసలాయన అతని ముఖంలోకి తేరిపార చూశాడు.

"అయితే నాన్నని మరీ అంత చెడ్డవాణ్ణి చెయ్యకు నాయనా."

"నువ్వు చూశావా ఆయన్ని? రంగు కడుక్కుని ఇంటికెళ్లు. రేపు ఇంకొకరొస్తారు."

ముసలాయన వెళ్తూ వెళ్తూ అతని తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు అమ్మ ఎడిటింగ్ గదికి వచ్చింది. తెర మీద గుమ్మంలో కూర్చున్న మనిషిని చూసి ముందుకు వంగింది.

"ఈయనేడిరా?"

"పంపించేశానమ్మా, చెప్పిన మాట వినడు. ఎక్కడుంటాడో ఏజెంటుక్కూడా తెలీదట. ఏం?"

అమ్మ కళ్లు తుడుచుకుంది.

"మీ నాన్న మానాలని ఎంత పెనుగులాడాడో నీకు తెలీదు. మానేశాక నీకు తనే చెప్పుకుంటానన్నాడు. ఆ రోజు రాలేదు."

తెర వైపే చూస్తూ అంది.

"'నేనెంత తిట్టినా, ఎంత ఏడ్చినా నన్ను బయటికి పోనివ్వకు' అని మీ నాన్నే చేతులు పట్టుకుని బతిమాలి, ఆ గుమ్మంలో కూర్చోబెట్టుకున్న స్నేహితుడురా ఆయన."