కరెంటు అక్కర్లేని యంత్రం

భీమవరంలో బస్సు దిగేసరికి పెదబాబు పెట్టుబడి ఇంతే: సంచిలో ఒక శాంపిల్ యంత్రం, జేబులో తిరుగు టికెట్టు డబ్బులు, నోట్లో కావలసినన్ని మాటలు.

ఈ బేరం కుదరకపోతే తునిలో కొట్టు మూసేసి, మామగారి ఐసు ఫ్యాక్టరీలో గుమస్తాగా చేరాలి. మామగారు అప్పుడే కుర్చీ తుడిపించి ఉంచాడు.

సూర్యనారాయణరాజుగారి రొయ్యల చెరువు గట్టెక్కగానే పెదబాబు సంచి చంకలోకి లాక్కున్నాడు. అక్కడ అప్పటికే ఇంకో యంత్రం ఉంది. నీళ్ళకి గాలి పట్టించే నాలుగు రెక్కలు, కొత్త మోటారు, పక్కనే టక్ చేసుకున్న సేల్స్ ఇంజినీరు రవితేజ. అతన్ని రాజుగారు పిలిపించారు. పెదబాబుని పిలిపించింది రాజుగారి తల్లి సూర్యకాంతమ్మగారు.

"కిందటి పంట తెల్లారేసరికి చచ్చి తేలిపోయిందయ్యా. ఈసారి డబ్బు ఒక్కచోటే పెడతాను. ఇద్దరూ చెప్పండి," అన్నారు రాజుగారు.

రవితేజ స్విచ్చి నొక్కాడు. రెక్కలు గిర్రున తిరిగాయి. చెరువుకి గాలి అందిందో లేదో గాని, రాజుగారి లాల్చీకి నీళ్ళు బాగా అందాయి.

పెదబాబు సంచి విప్పి తన యంత్రం బయటికి తీశాడు. సూర్యకాంతమ్మగారు చెప్పులు విడిచి దగ్గరికొచ్చింది. రవితేజ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"హార్స్‌పవర్ ఎంతండి?"

"పవరుంది బాబూ. గుర్రమే లేదు."

"కరెంటో?"

"చుక్క తాగదండి."

"అయితే సోలారేమో!"

"ఆయ్, సూర్యుడి బలం కూడా ఉందండి."

"మరి సౌండు?"

"శబ్దమంతా లోపలే. మీదానిలాగా ఊరందరికీ వినపడదు."

రాజుగారు మీసం చాటున నవ్వారు. "చైనా సరుకా ఏంటి?"

"రామ రామ! చేత్తో చేసిందండి. ఒక్క గీత పక్కకెళ్ళినా, చేసినాయన దాన్ని బయటికి పంపడు."

"చెరువుల్లో ఉన్న పాత రెక్కలు పీకెయ్యాలా?"

"ఎందుకండీ? వాటి పని వాటిది, దీని పని దీనిది."

రవితేజ ఇక పట్టలేకపోయాడు. "రాజుగారూ, అసలు తిరగనిది యంత్రమెలా అవుతుందండి?"

ఆ ప్రశ్న కోసమే పెదబాబు కాచుకుని ఉన్నాడు.

"తిరిగేదల్లా యంత్రమైతే, మా మామగారి లెక్కలో నాకంటే పెద్ద యంత్రం ఈ జిల్లాలో లేదు బాబూ! అసలు మాట చూడండి. 'యం' అంటే పట్టి ఉంచడం, అదుపులో పెట్టడం. జారిపోయేదాన్ని పట్టి ఉంచే సాధనమే యంత్రం. మోటారు మొన్న పుట్టింది. పుట్టగానే ఈ పేరు అప్పు తీసుకుంది. ఇప్పటిదాకా తీర్చిందా?"

రవితేజ తన యంత్రం స్విచ్చి ఆపేశాడు.

"విన్నావా సూరీ?" అంది సూర్యకాంతమ్మగారు. "నీ పంట పోయింది తిరగక కాదురా, నిలవక. పట్టి ఉంచేది కొను. చెరువుకొకటి."

రాజుగారు తల్లిని చూశారు. తడిసిన లాల్చీని చూసుకున్నారు. "నువ్వన్నాక ఇంకేముందమ్మా," అన్నారు.

పెదబాబుకి కాళ్ళు నేల మీద నిలవలేదు. రోడ్డెక్కి, సంచి ఊపుకుంటూ దాదాపు గెంతుతూ నడుస్తుంటే వెనకనుంచి మోటారు సైకిల్ వచ్చి ఆగింది. రవితేజ.

"ఎక్కండి, బస్టాండులో దింపుతాను."

సగం దారిలో అతను బండి వేగం తగ్గించాడు. తరవాత గొంతు తగ్గించాడు.

"పెదబాబుగారూ... మా షోరూంకి కూడా ఒకటి పంపండి. మూణ్ణెల్లుగా బేరాల్లేవు. మా మేనేజరుకి మాత్రం తెలియకూడదండోయ్."

"మీరేం బెంగపెట్టుకోకండి బాబూ. ఫిట్టింగు ఫ్రీ!"

బస్సు కదిలేసరికి పెదబాబు లెక్క తేలింది: రాజుగారి గట్ల మీదికి చెరువుకొకటి, మోటార్లమ్మే షోరూం గుమ్మానికి ఒకటి, అన్నీ పంతులుగారు తలస్నానం చేసి కూర్చుని బీజాక్షరాలు చెక్కాల్సిన అరచేతంత రాగిరేకులే.