ఆ ఏటి వాన

వానల లెక్కలు చూపే పాత సాఫ్ట్‌వేర్ నుంచి శాస్త్రవేత్తలను కొత్తదానికి మార్చడం హారిక ఉద్యోగం. బటన్ల రంగు నచ్చలేదని అలిగినవాళ్లూ చివరికి మారారు. మారనిది బొంబాయి కామాటిపురాలో, చాల్ అనే వరస గదుల మేడలో, ఆమె పాత ల్యాప్‌టాప్ పట్టుకు కూర్చున్న తాత పెంటయ్య ఒక్కడే.

"పాతదాంట్ల తప్పుంది తాతా. లెక్క దొరకని కాడల్లా సున్న పెట్టింది."

"ఉండనియ్. కరువని మేం బొంబాయి బండెక్కిన ఏడు, దీంట్ల మనూర్ల చుక్క వాన లేదు. కొత్తదాంట్ల మేమెక్కిన వారానికే పడ్డది."

"పడితే ఏమైతది?"

"వారం ఆగుదామని ఏడ్చింది మీ నాయనమ్మ." తాత గొంతు తగ్గించాడు. "మెల్లగ మాట్లాడు."

ఇల్లంతా ఒకటే గది. పొయ్యి దగ్గరున్న నాయనమ్మ వెనక్కి తిరగకుండానే తాతతో అంది.

"పడ్డదని మా తమ్ముడు అప్పుడే చెప్పిండు. నేనే నీకు చెప్పలే. ఛాయ్ తాగు."