బావ మూత వేసే తీరు

"కాఫీ చల్లారేలోపు కాపీ అయిపోతుంది బావా, ఇంక నువ్వెందుకు?" అన్నాడు బామ్మర్ది నవ్వుతూనే. బావ నవ్వలేదు.

ఇద్దరూ కలిసి పెట్టుకున్న కంప్యూటర్ సర్వీసు షాపులో, కొత్త లాప్‌టాప్‌లన్నీ ఒక్కొక్కటిగా చేత్తో సిద్ధం చేసేది బావే. చివర్లో మైకు మీదికి వంగి "వినిపిస్తోందా బామ్మర్దీ?" అని అడిగేవాడు. పక్కగదిలోంచి జవాబొస్తేనే మూత వేసేవాడు. అంత నిదానం గిట్టకే బామ్మర్ది ఆయన్ని ఇంటికి పంపేశాడు. పని పోయిన బావ మంచమెక్కాడు, దిగకుండానే పోయాడు. అక్క మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు.

ఒక రాత్రి బామ్మర్ది, కాఫీ కప్పు పక్కన పెట్టుకుని, బావ సిద్ధం చేసిన ఆఖరి లాప్‌టాప్‌ని అచ్చుగా పెట్టి, అందులో ఉన్నదంతా బల్లమీది కొత్తవాటన్నిట్లోకీ ఒక్కసారే కాపీ దించాడు. పని పూర్తయిందో లేదో, అన్నీ ఒకే గొంతుతో పలికాయి.

"వినిపిస్తోందా బామ్మర్దీ?"

ఉలిక్కిపడి లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు. పాత మైకు పరీక్ష రికార్డింగే! చెరపకుండా అచ్చు తీసింది తనే. "మనిషి పోయినా నస పోలేదు," అని గొణుక్కుంటూ అన్నిట్లోనూ తుడిచేశాడు. ఒక్కొక్కటిగా, చేత్తో.

కాఫీ ఎప్పుడో చల్లారింది.

వెనక మూలన, టేపు కూడా కొయ్యని కొత్త లాప్‌టాప్ అట్టపెట్టెలోంచి అదే గొంతు మెల్లగా అడిగింది.

"వినిపిస్తోందా బామ్మర్దీ?"

జవాబివ్వందే బావ వదలడు.

"వి... వినిపిస్తోంది బావా."

బల్లమీద మొదటి లాప్‌టాప్ మూత నెమ్మదిగా వాలింది. తర్వాత రెండోది. ఏమాత్రం తొందర లేకుండా, ఒక్కొక్కటిగా.