పార్కింగ్‌లో నాన్న

పదమూడు శాతం దగ్గర కారుకి ప్లగ్గు పెట్టాడు పెద్దాయన. ఇరవై రెండు దాటేసరికి కబురు తెలిసింది.

చెప్పింది సూపర్‌వైజరమ్మ. విమానాశ్రయం పార్కింగ్‌లో ఛార్జింగ్ పాయింట్లన్నీ ఆవిడే చూసుకుంటుంది.

"బాబాయ్ గారూ, మీరు మూడింటి విమానం కోసమేనా వచ్చింది? ముందు చక్రం బయటికి రావట్లేదట. ఇంధనం తగ్గేదాకా పైనే తిప్పుతున్నారట."

పెద్దాయన చేతిలోంచి తాళంచెవి జారిపోయింది.

"అందులో మా అమ్మాయి ఉంది" అన్నాడు.

పొద్దున ఎంత మామూలుగా మాట్లాడింది! "నాన్నా, కారు ఛార్జింగ్ పెట్టి ఉంచు. దిగగానే ఇంటికెళ్ళి పడుకోవాలి" అంది, అంతే.

"పైకి వెళ్ళండి బాబాయ్. బంధువులందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టారు. ఏ సంగతైనా ముందు అక్కడే చెప్తారు."

వెళ్ళాడు. హాలు తలుపు దాకా వెళ్ళాడు. లోపల ఒకావిడ ఫోన్లో కొడుకు ఫొటో కనిపించిన వాళ్ళకల్లా చూపించి ఏడుస్తోంది. ఒకతను సిబ్బంది మీద విరుచుకుపడుతున్నాడు. "నా పెళ్ళాం బిడ్డలకి ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు?"

పెద్దాయన కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి. ఆ మనుషుల మధ్య కూర్చునే ధైర్యం చాల్లేదు. మెట్లు దిగి మళ్ళీ కారు దగ్గరికే వచ్చేశాడు.

ముప్పై నాలుగు శాతం.

ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడాయన. ఒకసారి ఘాట్ రోడ్డులో బ్రేకులు పోయాయి. నిండు బస్సుని కొండకి ఒరిపించి ఆపాడు. ఆ రోజు కూడా ఇంత భయం వేయలేదు. ఆ రోజు స్టీరింగ్ తన చేతిలో ఉంది.

భార్య ఫోన్ చేసింది. టీవీలో చూసిందట.

"దానికి ఫోన్ కలుస్తోందా?"

"ఎలా కలుస్తుందే? పైన ఉందిగా."

"అన్నం తిందో లేదో..."

"నువ్వు టీవీ కట్టెయ్. నేను చెప్తాగా."

"మీకు భయం వేయట్లేదా?"

"నాకేం భయం?" అన్నాడు. ఫోన్ పెట్టేసి, కారుకి పెట్టిన ప్లగ్గునే మళ్ళీ మళ్ళీ నొక్కి చూశాడు.

సూపర్‌వైజరమ్మ మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చింది. "ప్రయాణికులే ఎనభై రెండు మందట" అంది.

"పసిపిల్లలున్నారా?"

"నలుగురట."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ నలుగురినీ వేరువేరుగా తలుచుకుని దండం పెట్టుకున్నాడు.

నలభై ఎనిమిది శాతం దగ్గర బయట అంబులెన్సుల కూతలు మొదలయ్యాయి. కాసేపటికి పైకప్పు అదిరింది. ఆ వెంటనే ఇనుముని బండ మీద ఈడ్చినట్టు పెద్ద చప్పుడు. తర్వాత ఏమీ వినిపించలేదు.

పెద్దాయన చెవులు మూసుకుని కారు పక్కన చతికిలబడిపోయాడు.

సూపర్‌వైజరమ్మ వాకీటాకీ చెవికి ఆనించుకుని వింది. వింటూనే కేక పెట్టింది.

"ఆగింది బాబాయ్! ముక్కు నేలకి రాసుకుంటూ పోయి ఆగిందట. మంటలు లేవు. ఎవరికీ ఏమీ కాలేదు!"

పెద్దాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. పక్కన వరసలో కారు తీస్తున్న వాళ్ళు ఆగి చూశారు. ఆయన పట్టించుకోలేదు.

సూపర్‌వైజరమ్మ చెయ్యి అందించింది. "లేవండి, పైకి పోదాం. ముందు వరసల వాళ్ళని ముందు దించుతున్నారట. మీ అమ్మాయిది ఏ సీటు?"

"అందరికన్నా ముందు సీటే తల్లీ, కానీ అందరూ దిగాక గానీ అది దిగదు, ఆ విమానం నడిపింది మా అమ్మాయే."