మొగుడి వేషం

"మొగుడి వేషం ఎవరేస్తారు?" అని అడిగింది రక్షిత.

ఎవరూ చెయ్యెత్తలేదు.

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, పాత గని కార్మికుల లైను ఇళ్ల మధ్య ఉన్న చిన్న హాలు అది. మొగుళ్ల చేతుల్లో దెబ్బలు తిని బయటపడ్డ ఆడవాళ్ల చేత రక్షిత అక్కడ నాటకం ఆడిస్తోంది. నోటితో చెప్పుకోలేనిది ఆటలో బయటికొస్తుందని ఆమె నమ్మకం.

"నేనేస్తానమ్మా," అంటూ వెనక నుంచి ఒక ముసలామె లేచింది.

పేరు గంగులమ్మ. టేకల్ నుంచి ఆ రోజే కొత్తగా వచ్చింది.

తలకు తువ్వాలు చుట్టుకుంది. భార్య వేషం కట్టిన రత్న ఎదురుగా నిలబడింది.

"ఏమే, యాడ తిరిగొస్తా ఉండావు? నోరు పడిపోయిందా?"

రత్న చేతిలోని గ్లాసు జారిపడింది. తన ఇంట్లో విన్న మాటలే. అదే అరుపు.

"వద్దంటే ఆపేద్దాం రత్నా," అంది రక్షిత.

ఆపొద్దన్నట్టు రత్న తల అడ్డంగా ఊపింది. కానీ ఆ రోజు నోరు పెగల్లేదు. తర్వాతి వారాల్లోనూ అంతే.

గంగులమ్మ చెయ్యెత్తి మీదికొస్తుంటే చూసేవాళ్లు గోడవారకు జరిగేవారు. టీ తాగేటప్పుడు ఆమె పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. రత్న కూడా.

అయినా ఈమెకు ఇదంతా ఎలా తెలుసు?

ఒకనాడు రత్న ఉండబట్టలేక అడిగేసింది.

"అవ్వా, నీ మొగుడూ ఇట్లనే కొడతా ఉండెనా?"

"అయ్యో, లేదు తల్లీ. ఒక్క మాటన్నోడు కాదు, పుణ్యాత్ముడు."

"మరి యాడ నేర్చుకున్నావు?"

గంగులమ్మ తువ్వాలు తీసి తలకు చుట్టుకుంది. "రా, మొదలుపెడదాం. ఈ పొద్దన్నా నోరు తెరువు."

ఆమె చెయ్యి లేచింది. ఈసారి రత్న వెనక్కి తగ్గలేదు.

"చెయ్యి దించు! ఇంగ నా మీద చెయ్యి పడిందంటే చూడు!"

గంగులమ్మ చెయ్యి టక్కున దిగింది. కళ్లు నిండాయి.

"ఇంగొకసారి చెప్పమ్మా."

రత్న చెప్పింది.

"ఇంగా గట్టిగా."

గొంతు బొంగురుపోయేదాకా చెప్పించుకుంది.

ఆ తర్వాత ఆమె రాలేదు. నాటకం నాడు మొగుడి వేషం ఆ ఆడవాళ్లలోనే ఒకతె, పుష్పావతి వేసింది. రత్న గొంతు హాలు చివరిదాకా వినబడింది. చప్పట్లు కొట్టేవాళ్లలో రత్న గంగులమ్మ ముఖం కోసమే వెతికింది.

ఆదివారం టేకల్ వెళ్లింది. ఇంటికి తాళం. పక్కింటి లక్ష్మీదేవమ్మ రాగులు చెరుగుతూ తలెత్తింది.

"గంగులమ్మా? గుండెనొప్పొచ్చి పోయింది తల్లీ. నెల కావస్తా ఉండాది."

రత్న తలుపుకున్న తాళం వైపు చూసింది.

"ఆయమ్మకు ఎవురూ లేరా?"

"కొడుకుండాడు, జైల్లో. పెండ్లాన్ని కొట్టి కొట్టి సంపేసినాడు."

లక్ష్మీదేవమ్మ చేట కింద పెట్టింది.

"ఊరంతా ఏమీ చూడలేదనింది. కోర్టులో కోడలి తరపున నిలబడి సాక్ష్యం చెప్పింది మాత్రం, వాణ్ని కన్న ఈ తల్లే."