మంత్రి చెప్పినా

ఆ కాలానికి శాసనసభలో మంత్రుల తరఫున జవాబులన్నీ కృత్రిమ మేధ యంత్రమే చెప్పేది. మన్యం ఎమ్మెల్యే కొర్రా సుభద్ర లేచి, తమ ఆసుపత్రిలో డయాలసిస్ ఆగిపోయి జనం చనిపోతున్నారని చెప్పింది.

"అక్కడ సేవలు సక్రమంగా అందుతున్నాయి," అంది యంత్రం. స్పీకర్ తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

సుభద్ర లాబీలో ఆరోగ్య మంత్రి కామరాజుకు అడ్డంగా నిలబడింది.

"ఒక్కపాలి మీరొచ్చి చూడండి బాబూ. మొన్ననే మా తమ్ముణ్ణి మట్టిలో పెట్టాం."

మంత్రి తల దించుకున్నాడు. "పోయిన నెలే వచ్చి చూశానమ్మా. డయాలసిస్ ఆగిపోయిందని ఆ యంత్రానికి నేనే చెప్పాను. మంత్రి పొరబడ్డారని కొట్టేసింది."

"మరి మేం ఎవర్ని అడగాలి?"

"ఎవరైనా దొరికితే నాకూ చెప్పమ్మా," అన్నాడాయన.