జంపయ్య చేతికి దారం

డాక్టర్ శాంతికుమార్ జంపయ్య ఎడమ మోచేతి మీద వేళ్లు ఆనించాడు. రక్తం పారుతున్న జుయ్యిమనే అదురు లేదు. స్టెతస్కోపు పెట్టి విన్నాడు. చప్పుడూ లేదు.

"అయ్యో, పోయింది" అంటూ స్టూలు మీద కూలబడ్డాడు. పొద్దున్నుంచి నాలుగు ఆపరేషన్లు. కాళ్లు పీకేస్తున్నాయి.

రెండు నెలల కిందట రక్తనాళాలు కలిపి కుట్టి, డయాలిసిస్ సూదికి తనే చేసిన దారి అది. జంపయ్యకు మిగిలిన ఆఖరి దారి. కుడిచేతిలో రెండుసార్లు చేస్తే రెండూ పూడుకుపోయాయి. గొట్టాలు వేసి వేసి మెడలో నరాలూ మూసుకుపోయాయి. ఇప్పుడు తొడలో వేసిన గొట్టానికి చీము పట్టింది. ఆ జ్వరంతోనే నిన్న దుమ్ముగూడెం అవతలి నుంచి వచ్చి వార్డులో చేరాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

మంచం పక్కన నిలబడ్డ భార్య జంపక్క గుప్పిట్లో తెగిన ఎర్రదారం కనిపించింది. డాక్టరుకు ఒళ్లు మండింది.

"ఏందిది? ఈ చేతికే కట్టినవా?"

"అవ్ సారూ."

"బరువు మోయొద్దు, ఏదీ బిగించొద్దు, బీపీ గూడ చూడనియ్యొద్దు అని చిలక్కి చెప్పినట్టు చెప్పిన గదా! తాయెత్తు బిగిస్తే రక్తం ఆగదా?"

ఇట్లాంటి చేతులు చూసి చూసి విసిగిపోయి ఆయన వార్డుకు ఒక రూలు పెట్టాడు. దారమైనా తాయెత్తయినా గుమ్మంలోనే కోసేయాలి. కొత్తగా చేరిన సిస్టర్ మహిమ నిన్న ఆ పని చేసింది కూడా. అప్పటికే ఆలస్యమైపోయిందనుకున్నాడు.

"ఇంకెక్కడ కుట్టమంటవు జంపక్కా? నాకు చోటు లేదు."

"దాన్ని తిట్టకు సారూ" అన్నాడు జంపయ్య, కళ్లు తెరవకుండానే.

జంపక్క గుప్పిట విప్పింది.

"తాయెత్తు గాదు సారూ. మా అడివిల ఇప్పచెట్టుకు గిట్ల దారం ముడేస్తే, ముట్టొద్దని గురుతు. ఎవ్వలు ముట్టరు."

"మరి చేతికెందుకు కట్టినవ్?"

"ఈ చేతికి బీపీ పట్టీ కట్టనియ్యొద్దని మీరే అంటిరి గదా, నేను లేనప్పుడు గూడ తెల్వాలని కట్టిన, నిన్న సిస్టరమ్మ అది కోసేసింది, నేను మందులకు పోయొచ్చేసరికి ఈ చేతికే పట్టీ కట్టి ఉన్నది."